ట్రాలీ వెనక లైటు వెలగకపోతే బల్బు కాదు, ముందు ఎర్తు చూడండి

సంపాదకుల గారికి నమస్కారం.

నేను మహారాష్ట్రలో, నాందేడ్ జిల్లా ధర్మాబాద్‌లో ఇరవై రెండేళ్లుగా ఆటో ఎలక్ట్రీషియన్ పని చేస్తున్నాను. మా దగ్గర ఇప్పటికీ సెల్ఫ్ డైనమో మేస్త్రి అనే అంటారు. మోంఢా, అంటే మార్కెట్ యార్డు, దాని వెనక రోడ్డులో నాకో రేకుల షెడ్డు ఉంది. దసరా దాటితే సోయా, పత్తి ట్రాలీలు, చలికాలమంతా చెరుకు ట్రాలీలు, ఎండలు ముదిరే ముందు మిర్చి బస్తాల బండ్లు, ఏడాదంతా నా గిరాకీ ఇదే. నిజామాబాద్ వైపు నుంచి పొద్దున బండిలో వచ్చే మీ పేపరు చదవందే షెడ్డు షట్టర్ ఎత్తను. మా పిల్లలు మరాఠీ బడికి పోతారు కానీ ఇంట్లో తెలుగే, పేపరూ తెలుగే.

గత జనవరిలో మీ పేపర్లో నాలుగు లైన్ల వార్త వచ్చింది. రోడ్డు పక్కన ఆగి ఉన్న చెరుకు ట్రాలీని బైక్ ఢీకొట్టింది, యువకుడికి తీవ్ర గాయాలు, అతివేగమే కారణమని తెలుస్తోంది, అంతే. ఆ యువకుడు మా అక్క కొడుకు. బాసరలో పని ముగించుకుని రాత్రి తొమ్మిదింటికి ఇంటికి వస్తున్నాడు. తొడ ఎముక, మెడ కింది ఎముక విరిగాయి, ఇప్పుడు కర్ర లేకుండా నడుస్తున్నాడు, ప్రాణం దక్కింది, దేవుడి దయ. వార్త అబద్ధమని నేను అనడం లేదు, వాడు అరవైలో వచ్చుంటాడు, ఆ వయసు పిల్లలు అంతకు తక్కువలో ఎక్కడ పోతారు. కానీ ఆ వార్తలో రాని విషయం ఒకటుంది, అది నాకు తెలుసు, అందుకే ఈ ఉత్తరం.

ఆ ట్రాలీకి వెనక లైట్లు ఉన్నాయి. రెండు వైపులా ఉన్నాయి. రెండు బల్బులూ మంచివే. అందులో ఒకటి నేను వేసిందే.

మర్నాడు మా వాణ్ని ఆసుపత్రిలో చేర్పించి వచ్చాక ఆ ట్రాలీ దగ్గరికి వెళ్లాను. నన్ను పొమ్మన్న వాళ్లు ఎవరూ లేరు, కాళ్లే లాక్కుపోయాయి. బల్బులు విప్పి నా దగ్గరున్న బ్యాటరీ మీద పెట్టి చూస్తే వెలిగాయి. వైరు తెగలేదు. ఫ్యూజు పోలేదు. చివరికి వెనక పట్టీ దగ్గర ఎర్తు బోల్టు, అంటే కరెంటు తిరిగి వెళ్లే వైరుని ట్రాలీ ఇనుముకి కలిపే బోల్టు, కనిపించింది. తెల్ల వైరు, దాని కొసన రింగు, రింగు మీద వాషరు, ఆ పైన నట్టు, అన్నీ బిగుతుగానే ఉన్నాయి. నట్టు విప్పి రింగు పైకెత్తితే కింద ఇనుము లేదు, మందంగా ఆకుపచ్చ రంగు ఉంది. దసరాకి ట్రాలీని కడిగి, రంగు వేయించి, పూజ చేయించారు కదా, రంగేసినాయన బోల్టు విప్పించి అక్కడ కూడా నిండుగా పూసి, ఆరాక మళ్లీ బిగించాడు. గోటితో గీకితే రంగు పెచ్చులా లేచింది, దాని కింద ఇనుము తళతళా మెరుస్తోంది. ఆ ఒక్క రంగు పొర మా వాడి కాలు విరిచింది.

ఆ డ్రైవరు కుర్రాడు దానికి పదిహేను రోజుల ముందు నా షెడ్డుకి వచ్చాడు. ఇంజన్ ఆపకుండానే దిగి, "కాకా, వెనక బల్బు పోయింది, జల్దీ ఒకటి ఏసియ్యి, కాటా కాడ నా నంబరు పోతది" అన్నాడు. ఆగురా, ఎర్తు కూడా చూస్తానంటే, "మల్లొచ్చినప్పుడు చూద్దువు తియ్యి కాకా" అన్నాడు. బల్బు వేశాను. వెలిగింది. వాడు డబ్బులిచ్చి పోయాడు. ఎలా వెలిగిందంటే, ఆ వేళకి ట్రాలీ హుక్కూ ట్రాక్టరు పిన్నూ గట్టిగా ఒరుసుకుని ఉన్నాయి, ఎర్తు ఆ పిన్ను మీదుగా ట్రాక్టరు బాడీకి పోయింది. ఆగి ఉన్న బండికి పిన్ను ఎర్తు సరిపోతుంది. రోడ్డెక్కి, గుంతల్లో ఎగిరి, పిన్నుకి రాసిన గ్రీజు మధ్యలోకి వచ్చాక సరిపోదు. ఇది నాకు తెలియని సంగతి కాదు. తెలిసీ ఆ రోజు చూడకుండా పంపాను. అందుకని ఈ విషయం మీ పేపరు చదివే ప్రతి ట్రాక్టరు యజమానికీ, ప్రతి డ్రైవరుకీ చేరాలని నా కోరిక. కొంచెం పొడుగైనా కోయకుండా వేయండి.

ఎర్తు అంటే ఏంటో ముందు చెప్తాను. బ్యాటరీ నుంచి కరెంటు బల్బు దాకా పోతే సరిపోదు, బల్బులోంచి మళ్లీ బ్యాటరీ మైనస్‌కి తిరిగి రావాలి. మోటరు నుంచి నీళ్లు పొలానికి పోయినట్టు ఒకవైపే పోతాయనుకుంటారు మనవాళ్లు, కాదు, ఇది పోయి రావాలి. పోయే దారికి ఎర్ర వైరో, నల్ల వైరో ఏదో ఒకటి ఉంటుంది, దాన్ని అందరూ చూస్తారు. వచ్చే దారిని ఎవరూ చూడరు, ఎందుకంటే చాలా ట్రాలీల్లో దానికి వైరే ఉండదు, ట్రాలీ ఇనుమునే దారిగా వాడుకుంటారు. తుప్పు పట్టిన ఇనుము, రంగు వేసిన ఇనుము, వెల్డింగ్ పగిలిన ఇనుము, పేడా బురదా ఎండి గట్టిపడ్డ ఇనుము, వీటిలోంచి కరెంటు తిరిగి రావాలంటే ఎక్కడి నుంచి వస్తుంది?

ఎర్తు పోయిందని ఎలా తెలుస్తుందంటే, బల్బు పోతే ఆ ఒక్క లైటే ఆరిపోతుంది, మిగతావి బాగానే ఉంటాయి. ఎర్తు పోతే లైట్లకి పిచ్చి పట్టినట్టు ఉంటుంది. ఎడమ ఇండికేటర్ వేస్తే కుడివైపు డేంజర్ లైటు, అంటే రాత్రి వెనక వెలుగుతూ ఉండే ఎర్ర లైటు, అది కూడా దాంతోపాటు సన్నగా కొట్టుకుంటుంది. బ్రేకు తొక్కితే డేంజర్ లైటు పెరగాల్సింది పోయి తగ్గుతుంది. హెడ్‌లైటు వేయగానే ఇండికేటర్ ఆడటం మానేస్తుంది. కారణం ఏంటంటే, ఎడమవైపు డబ్బాలో ఎర్తు తెగితే ఇండికేటర్ కరెంటుకి తిరిగొచ్చే దారి లేదు, అప్పుడది పక్కనే ఉన్న డేంజర్ బల్బు ఫిలమెంట్‌లోంచి వెనక్కి దూరి, ఆ వైరు పట్టుకుని కుడివైపు బల్బుకి పోయి, అక్కడి ఎర్తులోంచి ఇంటికి చేరుతుంది. మధ్యలో రెండు మూడు ఫిలమెంట్లు దాటాలి కాబట్టి ఏదీ సరిగా వెలగదు. ఈ లక్షణం కనిపిస్తే బల్బు డబ్బాలు విప్పకండి, నేరుగా ఎర్తు దగ్గరికి పోండి.

ఇది మన చెరుకు ట్రాలీలకే వచ్చే రోగం కాదు. మా చిన్నాయన కొడుకు ఇంగ్లండ్‌లో ఉంటాడు. అక్కడ కారు వెనక చిన్న ఇల్లు లాంటి బండి తగిలించుకుని సెలవులకి పోతారు, క్యారవాన్ అంటారు, అందులో మంచం, పొయ్యి, ఫ్రిజ్ కూడా ఉంటాయట. ఓ రోజు వీడియో కాల్ చేసి, "అన్నా, ఇండికేటర్ వేస్తే వెనక లైట్లన్నీ కలిసి కొట్టుకుంటున్నాయి, ఇక్కడ మెకానిక్‌కి చూపిస్తే చాలా అవుతుంది" అన్నాడు. ప్లగ్గు చూపించమన్నాను. కొత్త క్యారవాన్లకి 13 పిన్నుల ప్లగ్గు ఉంటుంది, వాడిది పాతది, ఏడు పిన్నులవి రెండు ప్లగ్గులు, ఒకటి లైట్లకి, ఇంకోటి లోపలి ఫ్రిజ్‌కీ బ్యాటరీకీ. లైట్ల ప్లగ్గులో మూడో నంబరు పిన్ను ఆకుపచ్చగా చిలుము పట్టి ఉంది. దాన్ని గీకి, తెల్ల వైరు కొస కత్తిరించి కొత్తగా బిగించమన్నాను. పది నిమిషాల్లో తమ్ముడు మళ్లీ ఫోన్ చేశాడు, అన్నీ బాగయ్యాయని. అక్కడైనా ఇక్కడైనా 12 వోల్టుల బ్యాటరీయే, అదే రాగి, అదే చిలుము.

ఆ ఏడు పిన్నుల సాకెట్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర సగం గొడవ దాంతోనే. సాకెట్ వెనక మూత విప్పితే ఒక్కో స్క్రూ పక్కన చిన్న అంకె అచ్చు పోసి ఉంటుంది. అంతర్జాతీయ లెక్క ప్రకారం ఒకటి ఎడమ ఇండికేటర్, నాలుగు కుడి ఇండికేటర్, ఐదు కుడివైపు డేంజర్ లైటు, ఏడు ఎడమవైపు డేంజర్ లైటు, ఆరు బ్రేకు లైటు, రెండు పొగమంచు లైటుకి, మన ట్రాలీల్లో అది ఖాళీగానే ఉంటుంది. మూడు ఎర్తు. ఈ మూడు నంబరు ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు. అయితే మా వైపు ట్రాక్టరు ఒకరిది, ట్రాలీ ఇంకొకరిది. బోధన్ వైపు కొన్న ట్రాలీ, బిలోలిలో కట్టించిన ట్రాలీ, ఉమ్రీలో పాతది కొని తెచ్చిన ట్రాలీ, ఇవన్నీ సీజన్‌లో ఏ ట్రాక్టరు దొరికితే దానికి తగిలిస్తారు. ఒక మేస్త్రి ఎర్తుకి తెల్ల వైరు వాడతాడు, ఇంకో మేస్త్రి ఆ రోజు షెడ్డులో ఉన్న పసుపుది వాడతాడు. అందుకే రంగు చూసి నమ్మొద్దు, నంబరు చూసి టెస్ట్ బల్బు పెట్టి చూడండి.

టెస్ట్ బల్బు అంటే పెద్ద సామానేం కాదు. 21 వాట్ల బ్రేకు బల్బు ఒకటి, దానికి హోల్డరు, రెండు బారెడు వైర్లు, కొసలకి మొసలి క్లిప్పులు. ఇప్పుడు కుర్రాళ్లు వోల్టులు కొలిచే మీటరు తెచ్చుకుంటున్నారు, మంచిదే, కానీ మీటరు ఇక్కడ మోసం చేస్తుంది. వైరులో ముప్పై పోగులుంటే ఇరవై తొమ్మిది తెగి చిలుము పట్టిన ఒక్కటే మిగిలినా మీటరు 12 వోల్టులు చూపిస్తుంది, ఎందుకంటే మీటరు కరెంటు తాగదు. 21 వాట్ల బల్బు తాగుతుంది, దానికి ఒకటిన్నర ఆంపియర్ల పైన కావాలి, చిలుము పట్టిన పోగు మీదుగా అది సరిగా రాదు, వెంటనే గుడ్డిగా వెలుగుతుంది. నా చేతి కింద పని నేర్చుకున్న పిల్లలకి నేను మొదటి రోజు ఇచ్చేది ఈ టెస్ట్ బల్బే. మీటరు ఉన్నవాళ్లు ఇంకో పని చేయొచ్చు. ట్రాలీ లైట్లన్నీ వేసి, బ్రేకు మీద ఒకరిని కూర్చోబెట్టి, మీటరు ఒక కొస బ్యాటరీ మైనస్‌కి, ఇంకో కొస ట్రాలీ వెనక లైటు ఎర్తుకి పెట్టండి. అర వోల్టు లోపల చూపిస్తే మంచిదే. రెండు మూడు వోల్టులు చూపిస్తే ఆ రెండు మూడు వోల్టులూ దారిలోనే కాలిపోతున్నాయని అర్థం. వోల్టేజీ మూడో వంతు తగ్గితే వెలుగు కూడా మూడో వంతే తగ్గుతుందనుకోకండి, ఈ ఫిలమెంట్ బల్బుల వెలుగు దాదాపు నాలుగో వంతుకి పడిపోతుంది. ట్రాలీ వెనక నిలబడి చూసే డ్రైవరుకి లైటు వెలుగుతున్నట్టే ఉంటుంది, పొగమంచులో వంద మీటర్ల వెనక నుంచి వచ్చేవాడికి అది లేనట్టే.

తప్పు ట్రాక్టరుదా ట్రాలీదా అనే తగాదా నా షెడ్డులో రోజూ జరుగుతుంది, ఇద్దరు యజమానులు కదా. దాన్ని తేల్చడం తేలిక. ప్లగ్గు పీకేసి, ట్రాక్టరు సాకెట్‌లో మూడో పిన్నుకి టెస్ట్ బల్బు ఒక కొస పెట్టి, ఇంకో కొసతో మిగతా పిన్నులు ఒక్కొక్కటే ముట్టించండి. స్విచ్ వేసిన లైటుకి తగ్గ పిన్ను దగ్గర బల్బు నిండుగా వెలిగితే ట్రాక్టరు మంచిదే. తర్వాత వేరే బ్యాటరీ ఒకటి తెచ్చి, దాని మైనస్‌ని ట్రాలీ ప్లగ్గు మూడో పిన్నుకి, ప్లస్‌ని ఫ్యూజు మీదుగా ఒక్కో పిన్నుకి తగిలించండి. ఈసారి ట్రాలీని ట్రాక్టరు హుక్కు నుంచి విప్పేసి చూడాలి, ఇది ముఖ్యం. హుక్కు తగిలించి ఉంటే దొంగ ఎర్తు వస్తుంది. నేను ఆ రోజు మోసపోయింది ఇక్కడే.

ఇక బాగు చేయడం. ట్రాలీ ఇనుమునీ హుక్కునీ నమ్ముకోవడం మానేసి, ప్లగ్గు మూడో పిన్ను నుంచి వెనక రెండు లైటు డబ్బాల దాకా విడిగా ఒక ఎర్తు వైరు లాగండి. సన్నటి వైరు వద్దు, కనీసం ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్లది, రెండు ట్రాలీలు లాగేవాళ్లు రెండున్నరది వేసుకోండి. ఎందుకంటే రెండు ట్రాలీలకి నాలుగు బ్రేకు బల్బులు, నాలుగు డేంజర్ బల్బులు, ఒక వైపు ఇండికేటర్లు రెండు కలిపితే 146 వాట్లు అవుతుంది, అంటే 12 ఆంపియర్లు, అదంతా ముందు ట్రాలీ ఎర్తు వైరులోంచే తిరిగి రావాలి. రెండో ట్రాలీ లైట్లు ఎప్పుడూ గుడ్డిగా ఉంటాయని అందరూ అంటారు, బ్యాటరీ మార్చి మార్చి డబ్బులు పోగొట్టుకుంటారు, కారణం ఇదే. వైరు కొసకి రింగు టెర్మినల్ ప్రెస్ చేయించండి, మెలిపెట్టి నల్ల టేపు చుట్టొద్దు, ఆ టేపు ఒక్క ఎండాకాలానికి జిగురు కారిపోతుంది, వానాకాలం నీళ్లు దాని లోపలే నిలుస్తాయి. బోల్టు దగ్గర గరుకు కాగితంతో రంగూ తుప్పూ పోయి తెల్ల ఇనుము కనిపించేదాకా రుద్ది, బిగించాక పైన కాస్త వ్యాసెలీన్ రాయండి. రాసి బిగించడం కాదు, బిగించి రాయడం.

ప్లగ్గు పిన్నులు చాలావాటికి మధ్యలో చీలిక ఉంటుంది, వాడి వాడి ఆ చీలిక మూసుకుపోయి పిన్ను వదులవుతుంది. సన్నటి స్క్రూడ్రైవరు కొస చీలికలో పెట్టి వెంట్రుకవాసి తెరిస్తే మళ్లీ బిగుతుగా కూర్చుంటుంది. సీజన్ అయిపోయాక ప్లగ్గుని నేల మీద వేలాడదీసి వదిలేస్తారు, వానల్లో బురదంతా అందులోనే చేరుతుంది. ఒక చిన్న ప్లాస్టిక్ సంచి కట్టి పైకి తలకిందులుగా వేలాడదీస్తే పోయేదేం లేదు.

వైరు పొడుగు గురించి కూడా ఒక మాట. పొట్టిగా ఉంటే మలుపులో లాక్కుని ప్లగ్గు ఊడుతుంది, పొడుగైతే రోడ్డుకి రాసుకుని తోలు అరుగుతుంది. ట్రాక్టరుని రెండు వైపులా పూర్తిగా తిప్పి చూసి కొలత పెట్టుకోవాలి. ఇనుప రంధ్రంలోంచి వైరు వెళ్లేచోట రబ్బరు బుష్ తప్పకుండా ఉండాలి, లేకపోతే ఊగి ఊగి వైరు కోసుకుపోయి బాడీకి తగులుతుంది, ఫ్యూజు పోతుంది. ఫ్యూజు మాటిమాటికీ పోతోందంటే తప్పు ఫ్యూజుది కాదు. పది ఆంపియర్ల ఫ్యూజు స్థానంలో సిగరెట్ పెట్టె మీది వెండి కాగితం చుట్టిన ట్రాక్టరుని పోయినేడు చూశాను, డ్యాష్ కింద వైర్లన్నీ ముద్దయిపోయి ఉన్నాయి, డీజిలు ట్యాంకు అక్కడికి జానెడు దూరం. దయచేసి అలా చేయకండి.

కొందరు ఎల్‌ఈడీ లైట్లు పెట్టించుకుంటున్నారు. మంచిదే, కరెంటు తక్కువ తాగుతాయి, అదురుకి ఫిలమెంట్ తెగే బాధ లేదు. కానీ వాటికీ ఎర్తు కావాలి, ప్లస్ మైనస్ తిరగేస్తే వెలగవు, పాత ఫ్లాషరుతో ఇండికేటర్లు గబగబా కొట్టుకోవచ్చు, అప్పుడు ఎలక్ట్రానిక్ ఫ్లాషరు మార్చుకోవాలి. ఎల్‌ఈడీ పెట్టాం కదా ఇక చూడక్కర్లేదు అనుకుంటే మాత్రం తప్పు.

రిఫ్లెక్టర్ స్టిక్కర్ల సంగతి అడుగుతారు. సీజన్ మొదట్లో చక్కెర కార్ఖానాల దగ్గర ట్రాలీలకి ఎర్ర స్టిక్కర్లు అంటిస్తుంటారు, ఆ పని చేసేవాళ్లకి దండం పెడతాను. అది తప్పకుండా ఉండాలి, వెనక ఎర్రది, పక్కల పసుపుది. అయితే స్టిక్కర్ తనంతట తాను వెలగదు, వెనక వచ్చే బండి వెలుగు దాని మీద పడాలి. చెరుకు గడలు వెనక రెండు మూడు అడుగులు బయటికి వేలాడి, ఆకులు కిందికి జారి స్టిక్కర్‌నీ లైటునీ కలిపి కప్పేస్తాయి. పాత బైకుల హెడ్‌లైటు ముప్పై నలభై మీటర్లకి మించి చూపించదు. అరవై వేగంలో బైకు సెకనుకి దాదాపు 17 మీటర్లు పోతుంది. అంటే ఆగి ఉన్న ట్రాలీ కనిపించాక రెండు సెకన్లే. కళ్లు చూసి, మనసుకి తట్టి, కాలు బ్రేకు మీదికి పోయేసరికే ఒక సెకను. మిగిలిన ఒక్క సెకనులో మా మేనల్లుడు హ్యాండిల్ పక్కకి తిప్పగలిగాడు కాబట్టి తల తగలకుండా కాలు తగిలింది. లైటు వెలిగి ఉంటే వాడికి ఆ ట్రాలీ అర కిలోమీటరు నుంచే కనిపించేది.

చట్టం కొత్తదేమీ కాదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోనే సూర్యాస్తమయం తర్వాత అరగంట నుంచి సూర్యోదయానికి అరగంట ముందు దాకా బండికి లైట్లు వెలగాలని ఉంది, వెనక లాగే ట్రాలీకీ అది వర్తిస్తుంది. కేసులు రాయమని నేను అడగడం లేదు. ఐదువందల ఫైను కట్టిన డ్రైవరు ఆ ఐదువందలు ఎలా రాబట్టాలా అని ఇంకో ట్రిప్పు రాత్రిపూట వేస్తాడు. వాళ్లని నేను రోజూ చూస్తాను. బీడ్ వైపు నుంచి వచ్చిన చెరుకు కోసే కూలీల టోళీ పిల్లాపాపలతో ట్రాలీ మీదే కూర్చుని వస్తుంది, డ్రైవరు రెండు రాత్రులు నిద్రపోయి ఉండడు, కూలీలని తెచ్చే ముకాదం అడ్వాన్సు లెక్క చెప్తుంటాడు. వెనక లైటు లేకపోతే వెనక నుంచి వచ్చి గుద్దే లారీకి ముందు చిక్కేది ఆ ట్రాలీ మీది ఆడవాళ్లూ పిల్లలే.

నేను అడిగేది చిన్నది. కార్ఖానా కాటా దగ్గర ట్రాలీలు వరుసలో గంటలకొద్దీ నిలబడతాయి, ఒక్కోసారి పూటంతా. డ్రైవర్లు ట్రాలీ కింద చాప వేసుకుని పడుకుంటారు. ఆ వరుసలో ఒక ఎలక్ట్రీషియన్ని, ఒక బ్యాటరీని, ఒక వైరు చుట్టని పెట్టండి. ట్రాలీకి అరగంట పడుతుంది. నా లెక్కలో వైరూ టెర్మినళ్లూ కూలీ కలిపి ఐదారువందలు దాటదు, కార్ఖానా వాళ్లు రవాణా బిల్లులో కోసుకున్నా ఎవరూ కాదనరు. సోయా, పత్తి సమయానికి మోంఢా గేటు దగ్గర కూడా ఇదే చేయొచ్చు, అక్కడా వరుసలే. సరిహద్దుకి అటు ఇటు ఎవరు చేయాలనే ప్రశ్న వస్తుంది, బాసర వైపు పోతే తెలంగాణ, ఇటు మహారాష్ట్ర, ఒక్క రాత్రిలో ట్రాలీ రెండు రాష్ట్రాల్లోనూ తిరుగుతుంది. ఎవరి గేటు దగ్గర నిలబడితే వాళ్లు చూస్తే సరిపోతుంది.

మీ విలేకరులకి కూడా ఒక విన్నపం. ట్రాలీ ప్రమాదం రాసేటప్పుడు వెనక లైటు వెలుగుతోందా లేదా అని ఒక్క ప్రశ్న అడిగి, జవాబు ఏదైనా సరే రాయండి. అతివేగం అని రాస్తే బైకు నడిపే పిల్లల తల్లిదండ్రులు చదువుతారు. లైటు లేదు అని కూడా రాస్తే ట్రాలీ యజమాని చదువుతాడు, ఆ పూట వెనక్కి వెళ్లి తన బండి చూసుకుంటాడు.

ఏటా అక్టోబర్ 28 దాటాక గోదావరి మీది బాబ్లీ ప్రాజెక్టు గేట్లు దించుతారు, ఇక్కడి రైతులకి అది ఒక గుర్తు, అప్పటికి సోయా ఇంటికి చేరి చెరుకు కోతలకి టోళీలు దిగుతుంటాయి. దానికి ముందు వచ్చే నాలుగు ఆదివారాలు పొద్దున ఆరు నుంచి పది దాకా నా షెడ్డు దగ్గరికి వచ్చిన ప్రతి ట్రాలీ ఎర్తు ఉచితంగా చూస్తాను, వైరు ఖర్చు మాత్రం మీదే. దసరాకి రంగు వేయించేవాళ్లు ముందుగా ఎర్తు బోల్టు మీద ఒక ముక్క టేపు అంటించి, రంగు ఆరాక పీకేయండి. అది ఎక్కడుందో తెలియకపోతే రంగు వేయించకముందే బండి తీసుకురండి, సుద్దముక్కతో గుర్తు పెట్టి పంపిస్తాను.

ఇట్లు,
ఒక ఆటో ఎలక్ట్రీషియన్,
ధర్మాబాద్, నాందేడ్ జిల్లా, మహారాష్ట్ర